సరోజత్త పాదాలు

కొత్త నూలు చీర మడత విప్పగానే వచ్చే గంజి వాసన ఇప్పటికీ సరోజత్తను తెచ్చి నా ఎదురుగా కూర్చోబెడుతుంది. ఆమె మాకు చుట్టం కాదు. బళ్లారి సత్యనారాయణపేటలో మా పక్కింటావిడ. బజారులో చీరల అంగడి నడిపేది. ఎవరి ముందూ నోరు విప్పలేని నన్ను, మధ్యాహ్నం బేరాలు లేని వేళ పిలిచి నవలలు పైకి చదివించుకునేది. గొంతు తగ్గితే, "ఏందమ్మీ, పుస్తకానికి చెప్తాండావా, నాకు చెప్తాండావా?" అని నవ్వేది. ఈ రోజు నలుగురిలో నాలుగు మాటలు మాట్లాడగలుగుతున్నానంటే, అది ఆ అంగట్లో నేర్చుకున్నదే.

ఆమెకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్, కీమో అన్నీ ముగిశాక, బెంగళూరు ఆసుపత్రిలో ఒక పరిశోధనలో చేరతారా అని అడిగారు. కీమో మందుల వల్ల కొందరికి పాదాల్లో స్పర్శ తగ్గిపోతుంది. రోజూ కొన్ని వ్యాయామాలు చేస్తే అది ఆగుతుందా అని చూడటం వాళ్ల ఉద్దేశం. కాగితాలు కన్నడంలో ఉన్నాయి. గిరాకీలతో రోజంతా కన్నడమే మాట్లాడే సరోజత్తకు చదవడం వచ్చింది తెలుగు ఒక్కటే. అందుకని ప్రతి పుటా నేనే తెలుగులో చెప్పాను.

"నాకు మేలయితాదని యాడన్నా రాసినారా?"

"లేదత్తా. తర్వాత జబ్బు పడేవాళ్లకు పనికిరావచ్చని ఉంది. ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానుకోవచ్చట."

"మానేదేంది? నా మాదిరి ఆడోళ్లు ఎంతమంది ఉండారో. వాళ్లకన్నా తెలియనీ" అని సంతకం పెట్టింది.

వ్యాయామాలతో పాటు ఒక పుస్తకం ఇచ్చారు. తిమ్మిరి ఎంత ఉంది, నడకలో తడబాటు ఉందా, రోజూ పొద్దున రాయాలి. కాలేజీకి పోయే ముందు అంగడికి వెళ్లి నేనే రాసేదాన్ని. అయితే బోణీ కాకముందు అంగట్లో చెడ్డ మాట అనకూడదన్నది వాళ్ల ఇంటి పట్టింపు. "పొద్దుపొద్దున్నే రోగం మాట ఎందుకమ్మీ? బాగుండాది అని రాయి." నేను రాసేదాన్ని. ఒకరోజు మెట్టు దగ్గర చెప్పు జారిపోతే తెలియక ఒంటి చెప్పుతోనే లోపలికి వచ్చింది. ఇంకోరోజు ఎండలో కాలిన బండ మీద వట్టి కాళ్లతో నిలబడి మాట్లాడింది. అవి నా సొంత డైరీలో రాసుకున్నాను, తేదీలతో సహా. ఆసుపత్రి పుస్తకంలో మాత్రం 'బాగుంది' అనే ఉంది.

ఆర్నెల్ల తర్వాత పరీక్షకు తోడు వెళ్లాను. నర్సు ఆమెను కళ్లు మూసుకోమని, సన్నని నైలాన్ దారం పాదానికి తాకిస్తూ, తగిలితే చెప్పమంది. సరోజత్త నవ్వుముఖంతో ఎదురుచూసింది. కాసేపటికి, "ఎప్పుడు మొదలుపెడ్తావు తల్లీ?" అంది.

నర్సు అప్పటికే పది చోట్ల తాకించింది.

తర్వాత ఆసుపత్రి పుస్తకం తిరగేసి, రోజూ 'బాగుంది' అనే ఉంది, ఇవి లెక్కలోకి తీసుకోలేమంది. కోప్పడలేదు. "విడిగా ఎవరైనా రాసి పెట్టుకున్నారా? తేదీలుంటే డాక్టరుకు చూపిస్తాను" అని నా వైపు చూసింది. డైరీ నా సంచిలోనే ఉంది. అందులో ఎవరికీ చెప్పని నా మాటలు కూడా ఉన్నాయి. వాటిని పరాయివాళ్లు చదువుతారని సంచి ఒళ్లోకి లాక్కున్నాను. లేదన్నట్టు తల ఊపాను.

"పాప తప్పేం లేదు, నేను చెప్పిందే రాసినాది" అంది సరోజత్త.

తిరుగు బస్సులో చిత్రదుర్గం దాటాక మెల్లగా అడిగింది: "నువ్వు దినామూ ఏందో రాసుకుంటావు కదమ్మీ. అందులో నా కాళ్ల సంగతి లేదా?"

"ఏమీ రాయలేదత్తా."

నా ముఖం చూసి, తెలిసిపోయిందేమో, మళ్లీ అడగలేదు. "పోనీలే, ఇంకెవరన్నా సరిగ్గా రాస్తారులే" అని కిటికీ వైపు తిరిగింది. మరుసటి ఏడు జబ్బు తిరగబెట్టింది. వానలు మొదలయ్యేలోపే పోయింది.

ఆ డైరీ ఇంకా నా దగ్గరే ఉంది. మొన్న మొదటి నుంచి చివరిదాకా చదివాను. అంత భద్రంగా దాచుకున్న నా రహస్యాల్లో సగం ఎవరి గురించి రాశానో నాకే గుర్తులేదు. ఒకరికి పనికొచ్చే వాక్యాలు ఆ పుస్తకం మొత్తంలో పదకొండు ఉన్నాయి. పదకొండూ ఆమె పాదాల గురించే.