ఖాళీ బిందెల వార్త

వార్తల కంపెనీలో ఉద్యోగం అనగానే మా ఊళ్ళో అందరూ నేను టీవీలో కనిపిస్తాననుకున్నారు. నా పని వేరు. ఫోన్లలో వార్తలు చూపించే యాప్ ఒకటి మా కంపెనీ నడుపుతుంది. అందులో ఏ మార్పు చేసినా, జనం చేతికి వెళ్ళకముందే గిల్లి గిచ్చి చూసి, ఎక్కడ తప్పుతోందో చెప్పాలి. ఇంటినుంచే చేసుకోమన్నాక హైదరాబాదులో గది ఖాళీ చేసి, బత్తలపల్లె దాటాక లోపలికుండే మా ఊరికి వచ్చేశాను. మేం దూదేకులవాళ్ళం, నాయన పరుపులు కుడతాడు. "తప్పులు పట్టేదానికి గూడా జీతమిస్తారా? అట్లయితే మీ అమ్మకు లచ్చలియ్యాల" అని దగ్గుతూనే నవ్వాడు. అప్పటికి మా ఇంట్లో ఇంకా నవ్వులుండేవి.

మా ఊరి బోర్లు ఎండిపోయి చాలా కాలమైంది. తాగేది ట్యాంకరు నీళ్ళే. ఎండలు ముదిరాక ఆ ట్యాంకరు కూడా ఉన్నట్టుండి మానేస్తుంది. అప్పుడు ఆడవాళ్ళు ఖాళీ బిందెలు తెచ్చి రోడ్డుకడ్డంగా కూర్చుంటారు. దానికీ ఒక పద్ధతుంది. మండలంలో సరుకుల అంగడి పెట్టుకుని, తీరికలో మా యాప్‌కు వార్తలు పంపే శెట్టిగారొకాయన ఉన్నాడు. ఊరంతా అంగడన్న అంటారు. ఆయన స్కూటరు కనిపించేదాకా అందరూ నీడలోనే ఉంటారు. ఆయన వచ్చి ఫోను తీసేసరికి బిందెలు వరసన పడతాయి, ముఖాల్లోకి కోపం వస్తుంది. అది నటన కాదు, ఉన్న కోపాన్నే ఫొటో కోసం దాచి ఉంచుకుంటారు. వార్త పడిన మర్నాడు ట్యాంకరు వస్తుంది. పేపర్ల కాలం నుంచీ ఇదే లెక్క. ఇప్పుడు ఆఫీసర్లు కూడా మా యాప్‌లోనే చూస్తారు.

ట్యాంకరు రాకపోతే చేన్ల అవతల ఎవరిదో తోటబోరు దగ్గరికి పోవాలి. చేన్లకు కరెంటు ఇచ్చేది మిట్టమధ్యాహ్నం. నాకు మీటింగులుండేదీ అప్పుడే. నాయన దగ్గుతో నాలుగడుగులు వెయ్యలేడు. ఇక మిగిలింది అమ్మ. ఆమెకు అరవై, మోకాళ్ళు అరిగిపోయాయి. పోయినసారి బిందెతో దారిలోనే కూలబడిపోతే గొర్రెలు కాసే ఆయన చూసి ఇంటికి తీసుకొచ్చాడు.

ఈ ఏడు వార్త పడలేదు. అంగడన్న మళ్ళీ పంపాడు, మళ్ళీ పడలేదు. "ఏమ్మా, మీ ఆఫీసోళ్ళకు మన మింద ఏం కోపం? ఎండలో నిలబడి ఫొటో తీసినాను, యాడ పోయింది?" అని నా మీద పడ్డాడు. లాగిన్ అయి వెతికాను. వార్త చేరనే చేరింది. పక్కన "నకలు" అని ముద్ర వేసి మరుగున పడేసి ఉంది.

సంగతేమిటంటే, ఒకే వార్త పదిసార్లు కనిపిస్తోందని చదివేవాళ్ళు విసుక్కుంటుంటే కంపెనీ ఒక జల్లెడ పెట్టింది. పాతదానిలాంటిదే మళ్ళీ వస్తే అదే ఆపేస్తుంది. సినిమా కబుర్లకు అది మంచిదే. మా ఊరి వార్తను మాత్రం పోయినేటి వార్త పక్కన పెట్టి చూసుకుంది. అదే రోడ్డు, అవే బిందెలు, అవే మాటలు. నకలు కాక మరేమిటి? ఏటా వచ్చే కరువుకు కొత్త మాటలు అంగడన్న ఎక్కడినుంచి తెస్తాడు?

ఇది తప్పని, సరిచేయమని టికెట్ రాశాను. మా దగ్గర ఫిర్యాదును అలాగే అంటారు. కోడ్ రాసే అబ్బాయి మంచివాడే. "జల్లెడ సరిగ్గానే పనిచేస్తోందక్కా" అని మూసేశాడు. మళ్ళీ తెరిచాను. విషయం మీటింగు దాకా వెళ్ళింది. "మీ సొంత ఊరని బాధపడుతున్నట్టున్నారు, ఒక్క ఊరి కోసం మార్చలేం కదా" అన్నాడు మేనేజరు. ఒక్క ఊరు కాదండీ, గుమ్మఘట్ట వైపు నుంచి, వజ్రకరూరు వైపు నుంచి వచ్చినవీ అక్కడే పడి ఉన్నాయి అన్నాను. "అందుకే కదండీ నకలు అంటున్నది" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అన్నాడు. నాకు ఏడుపొచ్చి మైకు ఆపేసుకున్నాను. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ ఆ పూజారి కూడా మనిషి కాదు, ఎవరి కాళ్ళని పట్టుకోను?

మీటింగంతా అమ్మ గడప దగ్గర కూర్చుని విన్నది. "తప్పు పట్టేదే గదా నీ పని. ఏం రాస్తే పడతాదో నువ్వే చూడు. అంగడన్నతో అట్లే రాయించుకుందాం" అంది. నా ఉద్యోగం మీద ఆమెకున్నంత నమ్మకం నాకెప్పుడూ లేదు.

బయటి జనానికి కనిపించకుండా, పరీక్షలు చేసుకోవడానికి మాకు యాప్ నమూనా ఒకటి వేరుగా ఉంటుంది. అంగడన్న వార్తను అందులో పెట్టాను. ఒకసారికి ఒక్కటే మార్చాలి, అప్పుడే ఏది పనిచేసిందో తెలుస్తుంది. మా పనిలో మొదట నేర్పేది అదే. ఊరిపేరు మార్చాను. నకలు. బిందెలు తీసి కుండలు పెట్టాను. నకలు. ఆడవాళ్ళను లేపి మగవాళ్ళను కూర్చోబెట్టాను. నకలే. పిల్లలు బడి మానేసి నీళ్ళకు పోతున్నారని రాశాను, పశువులను అమ్ముకుంటున్నారని రాశాను. దేనికీ కదల్లేదు. విసుగెత్తి చివర ఒక వాక్యం చేర్చాను. నీళ్ళకు వెళ్ళి ఎండదెబ్బతో మహిళ మృతి. అలాంటి వార్తకు వయసు కూడా ఉండాలి. అరవై అని కొట్టాను.

వార్త పడింది. ఎర్రపట్టీ కట్టుకుని అన్నిటికంటే పైకెక్కి కూర్చుంది.

ముందు సంతోషమే కలిగింది, అల్లా మీద ఒట్టు. ముడి విడిందన్న సంతోషం. ఆ తర్వాత ఆ అరవైని చూశాను. ఎవరి వయసది? ఎందుకు అదే కొట్టాను? గబగబా చెరిపేశాను. చేసిందంతా టికెట్‌లో రాసి పంపితే కాసేపటికి జవాబొచ్చింది. ముఖ్యమైన వార్తలు ఆగడం లేదని తేలింది, సంతోషం, అని రాసి మళ్ళీ మూసేశారు.

అమ్మ లోపలికొచ్చింది. పాతచీర ముక్కను చుట్టచుట్టి తలమీద పెట్టుకుని ఉంది.

"తెలిసిందా, ఏం రాయల్లో?"

"లేదమ్మా."

"పోనీలే, అంతమాత్రానికి మొగం అట్ల పెట్టుకుంటావేల? అంత చదివినావు, రేపన్నా దొరకదా" అని నా తల నిమిరింది.

నన్ను ఓదార్చి బిందె చంకన పెట్టుకుంది. నాకు మీటింగు పిలుపు మోగుతోంది. బయట రోడ్డు మీద ఎండ, కళ్ళు తెరిచి చూడలేనంత ఎండ.

"ఎండ తగ్గినాక పోమ్మా" అని అరిచాను.

"అప్పటికి కరెంటు ఉండదు" అంటూ వెళ్ళిపోయింది.