పక్కన పొడిగా ఉన్న నేల

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో నేను నూజివీడులో ఆడపిల్లల బడిలో పాఠాలు చెప్పేదాన్ని. దసరా సెలవుల్లో పన్నెండు మంది పిల్లల్ని మైలవరం వైపు కొండల్లోకి నడిపించుకుని వెళ్లాలని నాకు పట్టుదల పుట్టింది. రెండు రోజుల నడక, మధ్యలో ఒక రాత్రి ఆరుబయట పడక. మగపిల్లలు వెళితే విహారం, ఆడపిల్లలు వెళితే అప్రతిష్ఠ ఎందుకవుతుందో బి.ఏ. చదివినా నాకు బోధపడలేదు. ఇప్పటికీ బోధపడలేదు.

పన్నెండు మంది తల్లిదండ్రులూ ఒక్కాయన ముఖం వైపే చూస్తున్నారు. ముసునూరు దారిలో పెద్ద మామిడితోట ఉన్న రైతు ఆయన. ఆయన కూతురు వస్తే మిగతా పదకొండు మందీ వస్తారు. ఆయన వద్దంటే ఒక్కరూ రారు.

“ఎక్కడ పడుకోబెడతారండీ వీళ్లని?” అని అడిగాడాయన.

“నేలమీదండీ.”

“వానొస్తే?”

“అది నేను చూసుకుంటాను.”

“అయితే ముందు చూసుకోండి. మా తోటలో మీరొక్కరే ఒక రాత్రి పడుకుని, పొద్దున్నే వచ్చి జరిగింది జరిగినట్టు చెప్పండి. మీ నోరు మంచిది కాదని ఊరంతా అంటారు గానీ, అబద్ధమాడతారని ఎవరూ అనలేదు. ఏమీ జరగలేదంటే పంపిస్తాను.”

మెచ్చుకున్నాడో తిట్టాడో తేల్చుకునే తీరిక నాకు లేదు. సరేనన్నాను.

పిల్లలు తమ పక్క తామే మొయ్యాలి కాబట్టి మొదట చూడవలసింది బరువు. గొర్రెల కాపరుల గొంగళి వానని ఆపుతుంది గానీ, తడిసిందంటే దాన్ని మొయ్యడం ఒక గొర్రెను మొయ్యడమే. తలమీంచి వీపుదాకా కప్పుకునే తాటాకు గిడుగు తేలికే. కానీ అది కూర్చున్నవాళ్లకే పనికొస్తుంది, పడుకుంటే మోకాళ్లనుంచి కింద దేవుడే దిక్కు. డేరా అంటారా, దానికి ఎడ్లబండి కావాలి. చివరికి బెజవాడ వెళ్లాను. యుద్ధం అయిపోయాక మిలిటరీ సామాను అక్కడ గుట్టలు పోసి అమ్మేవారు. రబ్బరు పూసిన గుడ్డతో కుట్టిన సంచి ఒకటి దొరికింది. మనిషి మెడదాకా అందులోకి జారి, పైనున్న రెక్కని ముఖంమీదికి లాక్కోవాలి. తేలో జెర్రో దూరడానికి సందు ఉండదు. ఊరికి తెచ్చి బెల్లంకొట్టులో కాటా మీద పెట్టించాను. వీశెన్నర తూగింది, ఇప్పటి లెక్కలో రెండు కిలోల పైన.

“ఇందులో ఏం పోస్తారండీ?” అన్నాడు కొట్టాయన.

“నన్ను” అన్నాను. ఆయన గబగబా సంచిని కాటా మీంచి దించేశాడు.

భాద్రపదం ముసురులో ఒక సాయంత్రం తోటకి వెళ్లాను. కాయలు ఎప్పుడో అయిపోయాయి. ఎవరూ కట్టెలు నరుక్కుపోకుండా చూడటానికి నాకంటే పదిహేనేళ్లు పెద్దదైన ఒక కాపలా మనిషి గుడిసెలో ఉంటోంది. నా సంచిని తిరగేసి, బోర్లేసి చూసింది.

“ఇందులో ఒక్కరే పడతారేంటండీ?”

“ఒక్కరికే కుట్టారు.”

“అదేనండీ తప్పు. మేం తోటలో పక్కన చోటు ఖాళీగా ఉంచమండీ. మనవరాలినో కుక్కనో పడుకోబెట్టుకుంటాం. ఎవరూ లేకపోతే రోకలైనా పెట్టుకుంటాం. ఖాళీగా ఉంటే ఎవరో ఒకరు వచ్చి పడుకుంటారండీ.”

“ఎవరు?”

“రోకలి పెట్టుకుంటాం కదండీ, ఇంక ఎవరొస్తారో ఎట్టా తెలుస్తది?”

ఇంత తర్కం మా కాలేజీలో కూడా వినలేదని వెక్కిరించాను. ఆమె రోకలి తెస్తానంటే వద్దన్నాను. గుడిసెకి వంద అడుగుల దూరంలో, ఒక పెద్ద రసాల చెట్టు కొమ్మలు దాటి, ఆకాశం కనబడే పొడి నేల మీద సంచి పరిచాను. చెట్టు కింద పడుకుంటే పరీక్ష ఏముంది? చెప్పులూ టార్చిలైటూ తల దగ్గర పెట్టుకుని లోపలికి జారాను.

వాన మొదలైంది. రబ్బరు గుడ్డమీద చినుకులు తలలోనే పడుతున్నట్టు వినిపించాయి. ఒళ్లు వేడెక్కిన కొద్దీ సంచిలోంచి ఏదో పాత తలనూనె వాసన లేచింది, నాకు ముందు అందులో పడుకున్న సిపాయిది కాబోలు. నా ఊపిరే ఆవిరై, నీళ్లై లోపలి గుడ్డమీంచి మెడలోకి జారింది. వాన లోపలికి రాలేదు, నేనే తడుపుకున్నాను. ఇవన్నీ పొద్దున్న చెప్పాలని వరసగా గుర్తుపెట్టుకున్నాను. కుడివైపు చలి కొరుకుతోంది. ఎడమవైపు మాత్రం వెచ్చగా ఉంది. ఎందుకో ఆలోచించకుండా అటు ఒత్తిగిలి నిద్రపోయాను.

తెల్లవారుతుండగా మెలకువ వచ్చింది. అప్పటికి వాన తెరిపిచ్చింది. సంచిలోంచి బయటపడి దాన్ని ఎత్తాను. కింద నేల నా పొడుగునా పొడిగా ఉంది. అది ఉండవలసిందే. దానికి ఎడమవైపు, జానెడు దూరంలో, ఇంకో పొడి చోటుంది. నాకంటే పొట్టి. ఒక చివర సన్నగా, నడిమిన వెడల్పుగా, కాళ్లు ముడుచుకుని నావైపు తిరిగి పడుకున్న మనిషంత ఉంది. దానిమీది ఎండుటాకు ముట్టుకుంటే గలగలలాడింది. చూస్తుండగానే అంచులనుంచి తడి లోపలికి పాకి, ఆ చోటు చిన్నదై, చిన్నదై, మూసుకుపోయింది.

నేనే దొర్లి ఉంటాననుకున్నాను. అలా అయితే నా మొదటి చోటు తడిసిపోవాలి. చెప్పులూ టార్చిలైటూ పెట్టినచోటే ఉన్నాయి. కొమ్మ అడ్డుపడిందేమోనని తలెత్తి చూశాను. పైన ఆకాశమే ఉంది.

గుడిసెకి పరిగెత్తలేదు. నడిచాననే చెప్పుకుంటాను. కాపలా మనిషి పొయ్యి రాజేస్తోంది. ఆమె కోక పొడిగా ఉంది, జుట్టు పొడిగా ఉంది.

“రాత్రి నా దగ్గరకి వచ్చావా?”

“వానలో నేనెందుకొస్తానండీ?” అంది. ఆ తరువాత నా ముఖం చూసి పొయ్యి ఊదడం ఆపేసింది.

ఇద్దరం రైతు ఇంటికి వెళ్లాం. ఆయన అరుగుమీద కూర్చుని ఉన్నాడు. లోపల గుమ్మం పక్కన ఆయన కూతురి పరికిణీ అంచు కనిపిస్తోంది. అబద్ధమాడితే పిల్లలు వెళతారు. నిజం చెబితే ఆగిపోతారు. నాకు నోరుంది గానీ ఆ రెంటి మధ్య మూడో మాట దొరకలేదు.

“సంచిలోకి వాన రాలేదండీ. పురుగు రాలేదు. కానీ పొద్దున్న లేచి చూస్తే, నా పక్కన ఎవరో పడుకున్నట్టు...”

“నేనేనండీ” అంది వెనకనుంచి కాపలా మనిషి. “గుడిసె కారుతుంటే గొంగళి కప్పుకుని వెళ్లి అమ్మగారి పక్కన పడుకున్నానండీ. ఆవిడకి మెలకువ రాలేదు. గురక పెట్టారండీ.”

రైతు నవ్వాడు. గుమ్మం దగ్గర పరికిణీ అంచు కదిలి మాయమైంది. “అంతేకదా. సరేనండీ, తీసుకెళ్లండి” అన్నాడు.

ఎదుటివాళ్ల మాట తప్పని తెలిసీ నేను ఊరుకున్నది ఆ ఒక్కసారే.

దారిలో అడిగాను. “నాకు ఒకటి చెప్పావు, ఆయనకి ఇంకొకటి చెప్పావు. ఏది నిజం?”

“తోటకి చెడ్డపేరు పడితే కూలీలు రారండీ. పిల్లలూ ఆగిపోతారు. మీరు చెప్పే నిజం ఎవరి కడుపు నింపుతదండీ?” కాసేపు నడిచి మళ్లీ అంది. “నేను గుడిసె గడప దాటలేదండీ.”

ఆ వారమే మళ్లీ బెజవాడ వెళ్లాను. సంచులు కొనలేదు. అంచుల వెంట కంతలున్న రబ్బరు దుప్పట్లు కొన్నాను. కింద పరవడానికి కొన్ని, తాళ్లతో కలిపి పైన ఒకే కప్పుగా కట్టడానికి కొన్ని. తలకి అరవీశె బరువు ఎక్కువ పడింది. పిల్లలు గొణిగారు. సంచుల్లో ఊపిరి నీళ్లవుతుందని చెప్పాను. అది నిజమే. అందరూ ఒకే వరసలో, భుజానికి భుజం తగిలేటట్టు పడుకోవాలని, మధ్యలో ఎక్కడా జానెడు సందు కూడా ఉండకూడదని చెప్పాను. ఎందుకో చెప్పలేదు.

తీరా కాగితం మీద గీసుకుంటే, ఎలా పడుకోబెట్టినా వరసకి రెండు చివరలు మిగిలాయి. ఒక చివర నేను. రెండో చివర పేరు రాయడానికి ఏ పిల్లనీ ఎంచలేకపోయాను. మర్నాడు తోటకి వెళ్లి, మాతో రెండు రోజులు నడుస్తావా అని కాపలా మనిషిని అడిగాను.

ఆమె ఎందుకని అడగలేదు. పడక వేసే చోట కొండ ఏవైపు ఉంటుందో, బయలు ఏవైపు ఉంటుందో మాత్రం అడిగింది. చెప్పాను.

“అయితే బయలువైపు నేను పడుకుంటానండీ” అంది.