అక్క విస్తరిలో పెట్టని ఊరిబిండి

పొద్దున పక్కింట్లో నుంచి చెనిక్కాయ గింజలు వేయించే వాసన వచ్చింది. మన వేముల పక్క చేసే ఊరిబిండి పచ్చడి గుర్తుందా మీకు? వేయించిన గింజలు, కాల్చిన పచ్చిమిరపకాయలు, చింతపండు, ఉప్పు రోట్లో నూరి, చివర్లో ఉల్లిగడ్డ వేసి కచ్చాపచ్చాగా దంచాలి. మిక్సీలో వేస్తే మెత్తగా అయిపోతుంది, నాకు నచ్చదు.

చిన్నప్పుడు మా ఇంట్లో నూరేది అక్క. రోలుకు అంటుకున్న బిండిలో వేడి సంగటి ముద్ద దొర్లించి నా చేతిలో పెట్టేది. ఆ ముద్ద రుచి ఇంక దేనికీ లేదు.

"నీకో అక్కా?"

"నాకు కారం పడదు లేప్పా, నువ్వు తిను."

ఆ మాట అరవై ఏండ్లు నమ్మినాను.

పోయిన నెల అక్క చనిపోయింది. మూడో దినం ఆమెకు ఇష్టమైనవన్నీ విస్తరిలో వడ్డించి సమాధి దగ్గర పెట్టాలి కదా. పదిమందిలో ఎప్పుడూ నోరు తెరవని నేను ఆ రోజు తెరిచినాను.

"ఊరిబిండి తీసేయండి. అక్క కారం తినదు."

పుట్టింటివాడి మాట, ఎవరూ కాదనలేదు.

సమాధి దగ్గర విస్తరి పెట్టి ఇంటికి వచ్చేసరికి, అక్క కూతురు వంటింట్లో గిన్నె పట్టుకొని నిలబడి ఉంది.

"ఏంది మామా, ఊరిబిండి ఈడనే ఉండాది? అమ్మకని నేనే రోట్లో నూరినా. ఇది లేకుంటే ఆమెకు ముద్ద దిగేదా?"

గిన్నె తీసుకొని ఒక్కడినే మళ్లీ సమాధి దగ్గరికి నడిచినాను.

అప్పటికే కాకులు విస్తరి ఖాళీ చేసి పోయినాయి.