దస్తగిరన్న బిగించని తలుపు

మొన్న మంగళవారం ఉదయం కడపలో దస్తగిరన్న కన్నుమూశారు. అంగడి షట్టరు సగం ఎత్తి, గుండె పట్టుకొని మెట్టు మీద కూర్చున్నారట. పక్కనున్న టీ అంగడాయన నీళ్లు తెచ్చేలోగా ఆ పుణ్యాత్ముని ప్రాణం పోయింది. ఆ దుర్వార్త ఫోనులో విన్నప్పుడు నేను కర్నూలులో ఒక కంప్యూటరు సెంటరు తలుపుకు కీప్యాడు బిగిస్తున్నాను. పని ఆపలేదు. నాలుగు స్క్రూలూ బిగించి, అంకెలన్నీ పరీక్షించి, ఆ తర్వాత మెట్ల మీద కూలబడి ఏడ్చాను. పని సగంలో వదిలిపెట్టడం ఆయన శిష్యులకు చేతకాదు.

ఇది చదివేవారిలో కొందరికి ఆయన పేరు తెలియకపోవచ్చు. తెలిసినవారిలో చాలామందికి తప్పుగా తెలుసు. ఆ తప్పు దిద్దడానికే కలం పట్టాను.

దస్తగిరన్న వేంపల్లెలో పుట్టి, రేడియోలు బాగుచేయడం నేర్చుకొని, కర్నూలు వచ్చి అంగడి పెట్టుకున్నారు. తాళంచెవి అక్కర్లేకుండా నాలుగంకెలు నొక్కితే తెరుచుకునే తలుపులు మా ఊళ్లోకి కొత్తగా వస్తున్న కాలం అది. కరెంటున్నంతసేపూ తలుపును పట్టి ఉంచే అయస్కాంతం, గోడకు అంకెల పెట్టె, వాటికి కరెంటిచ్చే బ్యాటరీ డబ్బా, ఇంతే ఆ యంత్రం. ఆ కొంచెంలో ఎంత ఉందో, డిప్లొమా చేసి ఉద్యోగం దొరక్క తిరుగుతున్న నాకు నేర్పిన గురువు ఆయన. ఆడపిల్ల నిచ్చెన ఎక్కడమేమిటని నవ్వినవాళ్లతో, "ఎక్కేది ఆడో మొగో నిచ్చెనకేం తెలుసప్పా" అనేవారు.

ఆయన నిజాయితీ గురించి ఎంతైనా రాయవచ్చు గానీ ఒక్కటి చాలు. యజమాని తన రహస్య సంఖ్య పెట్టుకునే వేళకు అన్న గోడ వైపు తిరిగి నిలబడేవారు, నన్నూ తిప్పేవారు. "మంది ఇంటి అంకె మన తలకాయలో ఉండగూడదు సరోజమ్మా. రేపు వాళ్లింట్లో సూది పోయినా మనకు నిద్ర పట్టదు" అనేవారు. కంపెనీవాళ్లు పెట్టి పంపిన పాత సంఖ్యను మాత్రం దగ్గరుండి మార్పించనిదే మెట్టు దిగేవారు కాదు.

ఆయుధపూజ మరునాడు ఆయన అవస్థ చూడాలి. మా వ్యాపారస్థులు తక్కెడకూ బీరువాకూ పెట్టినట్టే కీప్యాడు మీద పది అంకెలకూ పసుపు కుంకుమలు పెట్టేవారు. మరునాటికి పదింటిలో సరిగ్గా నాలుగు బొట్లు చెరిగిపోయి ఉండేవి. దొంగకు ఇంకేం కావాలి? అన్న తడిబట్ట పట్టుకొని అంగడంగడికీ తిరిగేవారు. "దేవునికి పెట్టు శెట్టీ బొట్టు, అంకెలకెందుకు?" అంటే వాళ్లూ నవ్వేవారు. మళ్లీ ఏడాది మళ్లీ పెట్టేవారు.

ఒక విషయంలో మాత్రం ఆయనకు నవ్వు ఉండేది కాదు. తలుపు లోపలి వైపు ఒక గుండీ ఉండి తీరాలి. అది నొక్కితే ఏ అంకే అడగకుండా తలుపు తెరుచుకోవాలి. "లోపలికి పోయేటోన్ని నూరు ప్రశ్నలడుగు. బయటికొచ్చేటోన్ని ఒక్కటి గూడా అడగొద్దు" అనేవారు. పని అప్పగించే ముందు తానే లోపలికి వెళ్లి, దీపాలార్పించి, కళ్లు మూసుకొని, ఆ గుండీని తడిమి వెతుక్కొని బయటికి వచ్చేవారు. "భయపడినోనికి కండ్లు పన్జెయ్యవు, చేతులే దిక్కు" అనేవారు. ఆ ధర్మాన్ని ఆయన జీవితంలో ఒక్కసారి కూడా తప్పలేదు. తప్పింది నేను.

నంద్యాల రోడ్డులో విత్తనాలు నిలవచేసే చల్లని గిడ్డంగి ఒకటి ఉండేది. అంతకు ముందటి సంవత్సరం కొన్ని మూటలు మాయమయ్యాయని దాని యజమానికి కూలీల మీద అనుమానం. బయటే కాదు, లోపలి వైపు కూడా కీప్యాడే పెట్టాలన్నాడు. మేస్త్రీ అంకెలు నొక్కితే తప్ప కూలీ బయటికి రాకూడదట. అన్న విని, సంచీ సర్దుకొని, "నా చేత గాదు శెట్టీ, ఇంగొకర్ని చూసుకో" అనేసి వచ్చేశారు. స్కూటరు మీద వెనక కూర్చొని నేను వాదించాను. "మన పని బిగించేది గదన్నా. అడిగింది చేసిస్తే పాయె." ఆయన బండి ఆపి, దిగమన్నారు. "నీ తమ్ముడు ఆ గదిలో పన్జేస్తాంటే బిగిస్తావా?" అని అడిగారు. మళ్లీ బండి ఎక్కాను. రోషం మాత్రం దిగలేదు.

రెండు రోజులకు యజమాని అంగడికి ఫోను చేశాడు. అన్న ఆదోనిలో పని మీద ఉన్నారు. "ఏమ్మా, నీకు సొంతంగా రాదా? అన్న చెప్తే తప్ప స్క్రూ తిప్పవా?" అన్నాడు. నన్ను రెచ్చగొట్టడానికి ఆ మాట చాలు. కూలీలు లేని ఆదివారం సామాను తీసుకెళ్లి ఒక్కదాన్నే బిగించాను. బయట ఒక కీప్యాడు, లోపల ఒకటి. బ్యాటరీ డబ్బా బయట ఉంటే ఎవరైనా తీగలు పీకుతారని యజమాని అంటే దాన్నీ లోపలే పెట్టాను. తప్పు సంఖ్య మూడుసార్లు పడితే రెండు కీప్యాడులూ ఐదు నిమిషాలు మొరాయించేలా ప్రోగ్రాం చేసి, నా తెలివికి నేనే మురిసిపోయాను. గుండీ పెట్టలేదు. అన్నకు చెప్పలేదు. యజమాని, కూడితే తొమ్మిది వచ్చే సంఖ్య పెట్టుకున్నానని కూలీలందరి ముందూ గొప్పలు పోయాడు. ఆ అంకెలేవో మాత్రం మేస్త్రీకి తప్ప చెప్పలేదు.

పది రోజుల తర్వాత, నడివేసవి మధ్యాహ్నం, మళ్లీ ఫోను మోగింది. ఈసారి అన్న ఎత్తారు. అవతల గిడ్డంగి యజమాని. లచ్చుమమ్మ అనే కూలీ లోపల మూటల వెనక పనిలో ఉండగా, ఎవరూ లేరనుకొని మేస్త్రీ తలుపు వేసి భోజనానికి పోయాడట. తిరిగి వచ్చేసరికి లోపలి నుంచి తలుపు బాదుతున్న చప్పుడు. అంకెలు నొక్కితే తలుపు తెరుచుకోవడం లేదు. "అది మనం బిగించింది గాదు గదప్పా" అంటూ అన్న నా వైపు చూశారు. నా ముఖం చూడగానే ఆయనకు అర్థమైపోయింది. స్కూటరు తీశారు.

మేము వెళ్లేసరికే గంట దాటింది. లోపల మంచుపెట్టెలో ఉన్నంత చలి, ఆమె ఒంటి మీద ఒక్క నూలుచీర. తలుపు జానెడు మందం, అరిస్తే వినబడదు. గడ్డపారలతో పొడిస్తే పైరేకు చిరిగింది గానీ తలుపు కదల్లేదు. బయటి కీప్యాడు మీద ఎర్రదీపం వెలిగి ఉంది. అది ఆరిన మరుక్షణమే లోపల ఆమె నొక్కే అంకెలూ బయట మేస్త్రీ నొక్కే అంకెలూ కలగలిసి తప్పు సంఖ్య అవుతున్నాయి. మూడు తప్పులు, మళ్లీ ఎర్రదీపం, మళ్లీ ఐదు నిమిషాలు. తర్వాత తెలిసింది, కూడితే తొమ్మిది వస్తే చాలు, ఏ అంకెలు నొక్కినా తలుపు తెరుచుకుంటుందనుకుందట ఆ తల్లి. తొమ్మిది వచ్చే లెక్కలన్నీ ఒకటొకటిగా నొక్కుతోంది. దొంగల కోసం నేను పెట్టిన కాపలా ఆమె పాలిటి యమపాశమైంది.

"మొదట ఆ చల్లమిషను ఆపండప్పా" అన్నారు అన్న. అది అప్పటికే ఆపేశారు. కరెంటు మెయిన్ కూడా ఆపారు, అయినా బ్యాటరీ మీద అయస్కాంతం పట్టు వదల్లేదు. ఆయన నా దగ్గరికొచ్చి, మా ఇద్దరికే వినబడేలా, "బ్యాటరీ యాడ పెట్నావు?" అన్నారు.

"లోపల."

ఆయన కళ్లు ఒక్కసారి మూసి తెరిచారు. తలుపు మీద దెబ్బలు అప్పటికే నీరసించాయి. ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య ఎడం పెరుగుతోంది.

"తాళానికీ కీప్యాడ్లకూ ఫ్యూజు ఒకటే పెట్నావా, రెండా?"

నాకు గుర్తు రాలేదు. నా చేతులతో నేను చేసిన పని నాకు గుర్తు రాలేదు!

"కండ్లు మూసుకో. డబ్బా తెరువు మనసులో. ఫ్యూజు గాజుగొట్టాలు ఎన్నుండాయి?"

"ఒకటేనన్నా."

"బాగ చూడు. ఒకటే అయితే, ఈ కీప్యాడుకొచ్చే రెండు తీగలు ముట్టిచ్చినామంటే ఫ్యూజు మాడతాది, అయస్కాంతం చస్తాది. రెండుంటే కీప్యాడు చస్తాది, తాళం అట్నే ఉంటాది. ఇంగ మనకు దోవ ఉండదు."

"ఒకటే."

ఆయన బయటి కీప్యాడును గోడ నుంచి పెరికి, తీగల తొడుగు పళ్లతో లాగేసి, ఎర్రదాన్నీ నల్లదాన్నీ ముట్టించారు. చిటుక్కున నిప్పురవ్వ లేచింది. లోపల ఎక్కడో టక్కుమంది. తలుపు అంగుళం కదిలింది. అన్న రెండు చేతులా పట్టి గుంజారు.

లచ్చుమమ్మ కీప్యాడు కిందనే ముడుచుకొని కూర్చుని ఉంది. చూపుడువేలు ఇంకా పైకెత్తి ఉంది. అన్న చొక్కా విప్పి ఆమెకు చుట్టి, పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తుకొని ఎండలోకి తెచ్చారు. కర్నూలు ఎండను నేను తిట్టుకోని రోజు నా జన్మలో అదొక్కటే. ఆమె బతికింది. రెండు వేళ్లకు మాత్రం స్పర్శ రాలేదు.

"ఎవురప్పా ఈ దరిద్రాన్ని బిగించింది?" అని యజమాని అరిచాడు. ఎవరో అతనికి తెలుసు, తన మీదికి రాకుండా అరిచాడంతే. లచ్చుమమ్మ తమ్ముడు గడ్డపార పట్టుకొని నిలబడి ఉన్నాడు. నేను నోరు తెరిచాను. అన్న నాకు అడ్డంగా వచ్చి, "నేనేనప్పా. నా అంగడి పని. తప్పు నాది" అన్నారు. గడ్డపార కింద పడేసి, అతను అన్న చెంప మీద కొట్టాడు. అన్న చెయ్యెత్తలేదు.

దారిలో, రేపే వచ్చి నిజం చెప్పేస్తానన్నాను. "చెప్పి ఏం జేస్తావు? నాకు యాభై దాటినాయి. నీది ఇప్పుడే మొదలు. ఆడపిల్ల బిగిస్తే ఇట్నే అయితాదని చెప్పి ఇంగ నిన్ను నిచ్చెన ఎక్కనియ్యరు" అన్నారు. వెక్కిళ్లు పెడుతుంటే, "రేపు ఆ గుండీ బిగించినాక ఏడుద్దువులే" అన్నారు. మరునాడు నన్ను వెంటబెట్టుకొని వెళ్లి నా చేతనే బిగింపించారు.

ఆ తర్వాత ఊరు ఆయన్ను మనిషిని లోపలేసి బిగించినోడు అంది. ఒక్కొక్క అంగడే ఆయన్ను పిలవడం మానింది. ఏడాది తిరక్కుండా కడపకు వెళ్లిపోయారు. ఆయన పోగొట్టుకున్న ఊరు నాకు దక్కింది. కడప వెళ్లినప్పుడల్లా, ఈసారి చెప్పేస్తానన్నా అనేదాన్ని. "టీ తాగు" అనేవారు. నిజం చెప్పాలంటే, ఆయన వద్దన్నందుకు లోలోపల ఊపిరి పీల్చుకునేదాన్ని. అంత పిరికిదాన్ని నేను.

బుధవారం ఆయన్ను మట్టిచేసే వేళకు కడప వెళ్లాను. కర్నూలు నుంచి వచ్చిన పాత ఖాతాదారొకాయన, "శానా మంచోడమ్మా. ఆ ఒక్క తప్పు జరక్కుండా ఉండింటే" అని నిట్టూర్చాడు. ఆ మహనీయుణ్ని ఆ మాటతో సాగనంపడం నేను భరించలేకపోయాను. ఆ రాత్రి బస్సు దిగిన వెంటనే ఇది రాయడం మొదలుపెట్టాను. అటువంటి సహృదయుడు, అటువంటి పనిమంతుడు మా వృత్తిలో మళ్లీ పుడతాడన్న ఆశ నాకు లేదు.

అచ్చుకు పంపేముందు దీన్ని లచ్చుమమ్మకు చదివి వినిపించాను. గిడ్డంగిలో అది జరిగిన ఈ ఆరేళ్లలో ఆమె ముందు కూర్చోవడం అదే మొదలు. తిడుతుందనుకున్నాను, కొడుతుందేమోననుకున్నాను.

"ఆస్పత్రికి పండ్లు తెచ్చినాడమ్మా ఆయప్ప. గోడవతలకి ఇసిరేయించినా. బజార్లో ఎదురొస్తే మొగం తిప్పుకోని పోయినా. ఒక్క తూరన్నా 'నేను గాదమ్మా' అనలేదే" అంది.

కడపకు ఇద్దరం కలిసి పోదామన్నాను. సమాధి దగ్గర మొక్కుకోవచ్చన్నాను.

"మట్టికి చెప్తే ఆయప్పకు ఇనపడతాదా?" అని అడిగింది.

వినబడదు. వినబడే ఆరేళ్లూ నేను నోరు మూసుకున్నాను.