ఎడమ చక్రానికి ఐదో బోల్టు

ఉదయం ఆరుంబావుకు గుంటూరులో చీరాల బస్సెక్కి, ఎనిమిది దాటాక పర్చూరులో దిగాను. నా చెల్లెలు విజయ జీపుతో సిద్ధంగా ఉంది. వేటపాలెం వెళ్ళి జీడిపప్పు తేవాలి, నేను తోడు. ఆమెకు మాత్రం ఇది పరీక్ష. ఆ పాత జీపు మామగారిది. "ఇచ్చినట్టే తిరిగి తెస్తే, ఈ మిరప కోతలకు కూలీలను చేలకు నువ్వే తీసుకెళ్ళు. లేదంటే డ్రైవర్ని పెడతాను" అన్నారట.

తొమ్మిదింటికి, పర్చూరు దాటిన కాసేపటికి, ముందు చక్రం పంక్చరైంది. రోడ్డుకు రెండువైపులా పత్తి చేలు, నీడ లేదు. జాకీ పెట్టకముందే విజయ స్పానర్ తీసుకుని మొదటి నట్టు వదులు చేయబోయింది. అది కదల్లేదు. స్పానర్ మీదికెక్కి నిలబడింది. టప్పుమని బోల్టు సగానికి విరిగి, నట్టుతో సహా కింద పడింది.

"మిగతా నాలుగుతో వెళ్ళొచ్చులే" అన్నాను.

"మామయ్య లెక్కపెడతారన్నయ్యా" అంది.

ఆమెను జీపు దగ్గరే ఉంచి, విరిగిన ముక్క జేబులో వేసుకుని నేను షేర్ ఆటో ఎక్కాను. ముక్క చూసి ఆటోడ్రైవరు, లోపల మిగిలిన మొండికి డ్రిల్లు వేయాలన్నాడు. పక్కనున్న పెద్దాయన, దానికి కొత్త నట్టు వెల్డింగు చేసి తిప్పాలన్నాడు. జీడిపప్పు బట్టీకి పనికెళ్తున్న ఒకావిడ ఇద్దరినీ కొట్టిపారేసింది. "కిరసనాయిలు పోసి గంటాగితే అదే ఊడుద్దండి. మగాళ్ళకు ఆగటం రాదు." ముగ్గురి మాటా నిజమే అనిపించింది.

చీరాల పొలిమేరలో శామ్యూల్ అనే ఫిట్టర్ షెడ్డు చూపించారు. ఆయన ముక్కను వెలుతురుకు పెట్టి తిప్పి చూశాడు.

"ఎడమ చక్రమా అండి?"

నేను తడబడ్డాను. ఎదురుగా నిలబడి చూసిన చక్రం, సీట్లో కూర్చుంటే ఎటు వస్తుందో తేలలేదు. విజయకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను.

"రోడ్డు వైపుది కాదు, చేను వైపు చక్రం" అంది. "ఎవరో లారీ ఆయన ఆగారన్నయ్యా. స్పానర్‌కు పైపు తొడిగి రెండోది విప్పుతున్నారు."

శామ్యూల్ నా చేతిలోని ఫోన్ లాక్కున్నంత పని చేశాడు. "ఆపమనండమ్మా. ఆయన విప్పట్లేదు, బిగిస్తన్నాడు. పాత జీపులకు ఎడమ వైపు మరలు ఎదురు తిరిగుంటాయి."

శామ్యూల్ మోపెడ్ వెనక కూర్చుని వస్తూ దారంతా చేతులు గాల్లో తిప్పి చూసుకున్నాను. అర్థమైనట్టే ఉండి మళ్ళీ జారిపోయేది. జీపు దగ్గర లారీ ఆయన ఇంకా ఉన్నాడు. "ఇరవై ఏళ్ళుగా లారీ తోల్తన్నా, నాకు నువ్వు చెప్తావేంది?" అన్నాడు. శామ్యూల్ స్పానర్ రెండో వైపుకు తిప్పాడు. నట్టు కిర్రుమని కదిలింది. లారీ ఆయన కాసేపు చూసి, పైపు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆటోలో విన్న మూడు సలహాల్లో ఒక్కటీ పనికి రాలేదు. శామ్యూల్ చక్రమూ దాని వెనకున్న బ్రేకు డ్రమ్మూ విప్పి, మొండి చుట్టూ ఇనుమును కాస్త వేడిచేసి, కడ్డీ ఆనించి సుత్తితో కొట్టాడు. ఏడో దెబ్బకు అది లోపలివైపు రాలింది. తన డబ్బాలో వెతికి అలాంటి మరే ఉన్న పాత బోల్టు ఒకటి పెట్టాడు. స్టెపినీ ఎక్కించాక నట్లు బిగిస్తానని విజయ అడిగి తీసుకుంది. రెండుసార్లు అలవాటు కొద్దీ అటు తిప్పి, నాలుక కరుచుకుని ఇటు తిప్పింది.

చీరాలలో పంక్చరు వేయించి, భోజనం చేసి, రెండున్నరకు వేటపాలెం చేరాం. జీడిపప్పు తీసుకుని నాలుగింటికి తిరుగు ప్రయాణం. ఈ రోడ్డు బాగానే ఉంది. పాత బండిలో వచ్చేవారు చీరాల దగ్గరపడేదాకా మెకానిక్ దొరకడనుకుని బయల్దేరండి.

పర్చూరు సెంటరులో విజయ మామగారు ఎక్కాలి. ఎక్కేముందు జీపు చుట్టూ తిరిగి, ఎడమ చక్రం దగ్గర వంగారు.

"నేనే విరగ్గొట్టాను మామయ్యా" అంది విజయ, ఇంజను ఆపకుండానే. "అటువైపువి ఎదురు తిప్పాలని తెలీదు. వేరేది వేయించాను."

ఆయన ఐదు నట్లనూ ఒక్కొక్కటిగా తడిమారు. "చెప్పలేదు కదూ నీకు" అన్నారు. మర్చిపోయారో, కావాలనే చెప్పలేదో ఆ ముఖం చూస్తే తెలియలేదు.

నేను వెనక సీటుకు మారాను. ఆయన విజయ పక్క సీట్లో కూర్చుని, జీడిపప్పు సంచి ఒళ్ళో పెట్టుకున్నారు.

"రేపు కూలీలు ఆరింటికల్లా వచ్చేస్తారమ్మా" అన్నారు. "ఐదున్నరకే బండి తియ్యి."