బీ జోఖా దారి మళ్ళించిన సంబంధాలు

బీ జోఖాకి ఉన్నది ఒకటే జబ్బు. పెళ్ళికానివాళ్ళు కంటపడితే ఆవిడకి అన్నం సయించదు.

ఆఫ్రికా తూర్పు తీరాన ఉన్న పెంబా దీవిలో, కిరువా రేవు పక్కనున్న సముద్ర పరిశోధన కేంద్రానికి ఆవిడ పెద్ద. పగడాల మీద ఆవిడ రాసిన పుస్తకాలు ఊళ్ళో ఎవరూ చదవలేదు గానీ, ఆవిడ కుదిర్చిన పెళ్ళిళ్ళలో విందు తిననివాళ్ళు లేరు. పడవ మెకానిక్ ఇంజను విప్పుతుండగా "నీకెన్నేళ్ళు బాబూ?" అనడిగింది. ఇంజను బాగుపడేలోపు అతనికి నిశ్చితార్థమైపోయింది. లవంగాల వ్యాపారి ఒకాయన దారి తప్పానంటూ వచ్చి మంచినీళ్ళడిగాడు. నీళ్ళతో పాటు ఒక మామగారిని కూడా ఇచ్చి పంపింది.

ఇంత మనిషీ, ఏళ్ళ తరబడి తన పక్క గదిలోనే కూర్చునే మ్వాతిమాని మాత్రం ఒక్కనాడూ పెళ్ళి మాటెత్తలేదు.

మ్వాతిమా ఏటా సముద్రంలోకి దిగి, అవే పగడాలని మళ్ళీ మళ్ళీ కొలిచి ఫొటోలు తీస్తుంది. నీళ్ళలో ఉన్నంతసేపూ ఆమెకి ఒడ్డు గుర్తురాదు. పెళ్ళి గొడవ లేనందుకు ప్రాణం హాయిగానే ఉండేది. కానీ ఎవరి పెళ్ళిలోనో కొబ్బరన్నం తింటున్నప్పుడు మాత్రం చిన్న ముల్లు గుచ్చుకునేది. "చేపల బజారులో పిల్లికి కూడా జోడీ వెతుకుతుందే ఈవిడ! నేను పిల్లి పాటి కూడా చెయ్యనా?"

పరిశోధన కేంద్రం ఖర్చు సగం ప్రభుత్వానిది, సగం ఎక్కడో చలిదేశపు సైన్సు సంస్థది. ఒప్పందం గడువు తీరింది. మరో ఇరవై ఏళ్ళకి రాసుకోవాలి. "ముందు వాళ్ళని సంతకం పెట్టమనండి" అంది ప్రభుత్వం. "ముందు వాళ్ళే" అంది సంస్థ. ఇలాగే సాగితే కేంద్రానికి తాళమే.

"కంగారెందుకు? ఇదీ సంబంధమే" అంది బీ జోఖా. "ఇద్దరికీ ఇష్టమే, ముందు మాట ఎవరు కలపాలన్నదే బింకం. ఇద్దరినీ ఒకే పడవెక్కిస్తే సరి."

ఎక్కించింది. ప్రభుత్వం తరఫున మచానో గారు, భార్య పోయి చాలాకాలమైన మనిషి, తెల్లటి ఇస్త్రీ బట్టల్లో కొయ్యబొమ్మలా కూర్చున్నారు. సంస్థ తరఫున హెల్లే గారు ఫైలు ఒళ్ళో పెట్టుకుని ఆయనకి వీపు తిప్పి కూర్చుంది. దక్షిణపు గాలి లేచింది. పడవ ఊగింది. మొదట హెల్లే గారి మొహం పచ్చబడింది, వెంటనే మచానో గారిది. వాంతి చేసుకోవడానికి పడవలో ఉన్నది ఒకటే బకెట్.

"మీరు ముందు" అన్నారు మచానో గారు.

"పర్వాలేదు, మీరే ముందు" అంది హెల్లే గారు.

"చూశావా, అప్పుడే మర్యాదలు మొదలయ్యాయి" అని బీ జోఖా మ్వాతిమా చెవిలో ఊదింది.

మ్వాతిమా మునిగి, ఫొటో తీసుకుని పైకి తేలింది. మొహమంతా నవ్వే. "చూడండి! సముద్రం వేడెక్కిన ఏడాది తెల్లగా పాలిపోయి చచ్చిందనుకున్న పగడం ఇదే. మళ్ళీ రంగు తిరుగుతోంది! అప్పుడే కొలతలు ఆపేసి ఉంటే చచ్చిందనే రాసుకుని ఇంటికి పోయేవాళ్ళం."

ఇద్దరూ బకెట్ వదిలేసి కెమెరా మీదికి వంగారు. చాలాసేపు చూశారు.

"ఇరవై ఏళ్ళు సబబే" అంది హెల్లే గారు నీరసంగా. "కలం ఇటివ్వండి."

"ఆగండి, ముందు నేను! సంతకం పెడతాను గానీ ఒడ్డుకి పోనివ్వండమ్మా!" అన్నారు మచానో గారు.

మధ్యాహ్నం ఆక్టోపస్ కూరతో విందు. మ్వాతిమా వంటగది వెనకాల కుళాయి దగ్గర ఈత దుస్తులు ఉతుకుతోంది. లోపల్నుంచి ఆమె బాబాయి ఫకీ గొంతు వినబడింది.

"జోఖక్కా, ఆ మచానో గారు మా మ్వాతిమాని అడుగుతున్నారు. ఈసారైనా అడ్డం పడకు! మెకానిక్‌ని దానికోసం పంపితే మీ చెల్లెలి కూతురికి కట్టబెట్టావు. లవంగాలాయన దాన్ని చూడ్డానికి వస్తే మంచినీళ్ళిచ్చి అటునించటే దాటించావు. హెడ్మాస్టరు సంగతీ అంతే!"

మ్వాతిమా చేతిలో తడిబట్ట అలాగే ఆగిపోయింది.

"ఒరేయ్ ఫకీ, నీళ్ళలోంచి పైకొచ్చినప్పుడు దాని మొహం ఎప్పుడైనా చూశావా?" అంది బీ జోఖా. "దానికి పెళ్ళి మీద మనసు లేదు. అడిగితే వద్దంటుంది. వద్దంటే మీరంతా కలిసి దాని ప్రాణం తీస్తారు. అడిగేవాడే లేకపోతే వద్దనే కష్టమే ఉండదుగా? దానికి మనసైన రోజున అదే చెబుతుంది. ఆరోజు ఊరంతటికీ నేనే వండుతా."

"మరి మిగతా వాళ్ళ పెళ్ళిళ్ళు?"

"వచ్చినవాణ్ణి వట్టి చేతులతో పంపడం మర్యాదా? అలా మొదలైంది. తరవాత అలవాటైపోయింది."

ఫకీ గొణుక్కుంటూ కూరగిన్నె దగ్గరికి నడిచాడు. మ్వాతిమా చేతులు తుడుచుకుని లోపలికొచ్చింది. బీ జోఖా గతుక్కుమంది.

"విన్నావా?"

"విన్నా." మ్వాతిమా పీట లాక్కుని పక్కన కూర్చుంది. "ఇంతకీ మచానో గారిని ఎవరికి ఇస్తున్నారు?"

"అదే తోచట్లేదు. పెద్ద హోదా మనిషి కదా!"

"పోస్టాఫీసులో పనిచేసే సలామా అయితే?" అంది మ్వాతిమా. "ఆవిడకి పడవంటే వణుకు. ఈయన కూడా ఇక జన్మలో పడవెక్కడు."

బీ జోఖా ఆమెని ఎగాదిగా చూసి, గరిటె పక్కన పెట్టేసింది.

"నీలో ఇంత విద్య ఉందా! పద, ఆయన టీ చల్లారకముందే మాట కదుపుదాం."