దారి మార్చిన గొంతు నరం

పంతొమ్మిదివందల యాభైల చివర్లో, గుంటూరులో నేను హౌస్‌సర్జన్‌గా చేరిన కొత్తలో, నా గర్వం నాకంటే ముందు వార్డులోకి నడిచేది. శరీర నిర్మాణ శాస్త్రంలో ఫస్టు వచ్చాను మరి! (ఆ సంగతి ఎవరూ అడక్కపోయినా చెప్పేవాణ్ణి.) అప్పుడే పెదకాకాని వైపు నుంచి ఒక మేస్త్రమ్మ వచ్చి చేరింది. మిరపకోతకు ముప్పై మంది కూలీల్ని వెంటబెట్టుకెళ్లే మనిషి. మెడకి కుడివైపు నిమ్మకాయంత థైరాయిడ్ గడ్డ. ఆపరేషనంటే ఆమెకు భయం లేదు. "అబ్బాయ్, గొంతు పోదుగా? ఈ గట్టున కేకేస్తే ఆ గట్టున వినపడాలి. లేకపోతే నా మాట ఎవరు వింటారు?" అని నా చెయ్యి పట్టుకుంది. "గొంతు పలికించే నరం ఎక్కడుంటుందో కళ్ళు మూసుకుని చూపిస్తానమ్మా" అన్నాను.

అప్పట్లో మా దగ్గర ఇలాంటి ఆపరేషన్లు మెడ వరకే మత్తుసూది వేసి చేసేవారు. రోగి మెలకువగా ఉండి మాట్లాడుతుంటే గొంతు క్షేమంగా ఉన్నట్టు. మర్నాడు మా పెద్ద డాక్టరుగారు కత్తి పట్టారు. నేను కొక్కెంతో కండరాన్ని పక్కకి లాగి పట్టుకున్నాను. ఆమెని కూలీల పేర్లు చెబుతూ ఉండమన్నారు. "సుబ్బులు, మస్తానమ్మ, కోటమ్మ..."

"నరం ఎక్కడోయ్?" అని నన్నడిగారు ఆయన.

"శ్వాసనాళం పక్క గాడిలోనండి. కిందనుంచి పైకి వస్తుంది."

గాడి ఖాళీ. థైరాయిడ్‌కి వెళ్లే ధమని కింద చూశారు, పైన చూశారు. లేదు. సన్నని తెల్లపోగు ఒకటి మాత్రం పక్కనుంచి అడ్డంగా వచ్చి గొంతులోకి పోతోంది.

"మరిదేమిటి?"

"నరం అటునుంచి రాదండి. చిన్న రక్తనాళం అయ్యుంటుంది. కట్టేయొచ్చు."

ఆయన నా వైపు ఒక్క క్షణం చూసి, దారం పక్కన పెట్టి, ఆ పోగుని పట్టకారు మొనతో మెల్లగా ఎత్తారు.

"వెంకా..." అంటున్న మేస్త్రమ్మ గొంతు అక్కడే ఆగి, ఉత్తగాలి వచ్చింది.

చటుక్కున వదిలేశారు. "మాట్లాడమ్మా." మళ్ళీ గాలే. నా చేతిలో కొక్కెం జారుతుంటే నర్సమ్మగారు నా మణికట్టు పట్టుకున్నారు. "అందరికీ ఛాతీలోకి దిగి పైకొచ్చే ఈ నరం, కొందరికి అసలు దిగదోయ్. మెడలోనే ఇలా అడ్డంగా వచ్చేస్తుంది. పుస్తకం రాసినాయన ఈమె మెడ చూళ్లేదుగా" అన్నారు పెద్ద డాక్టరుగారు. ఆ పోగుని కాపాడుకుంటూ, చెమటలు కక్కుతూ గడ్డ తీసేశారు.

మూడు రోజులు ఆమెకు గుసగుసే. నాకు అన్నం సయించలేదు. నాలుగో రోజు పొద్దున్నే నేను వరండాలో ఉండగానే వార్డు దద్దరిల్లింది. "ఈ గంజిలో ఉప్పెందుకు వెయ్యలేదే?" పరిగెత్తుకెళ్లి ఆమె మంచం ముందు నిలబడి, అందరూ చూస్తుండగానే ఏడ్చేశాను. "ఆ నరాన్ని కట్టేయమన్నది నేనేనమ్మా."

"తెలుసులేవయ్యా. మెలకువగానే ఉన్నాగా, అంతా విన్నా. లేచి ఒకటిద్దామనుకున్నా గానీ చేతులు కట్టేశారు" అని ఫక్కున నవ్వింది.

తర్వాత నేనూ ఎన్నో మెడలు తెరిచాను. అలాంటి నరం మళ్ళీ ఒక్కసారే కనిపించింది. ఇప్పుడు ఆ కుర్ర డాక్టరు మీద నాకు కోపం లేదు. కాస్త జాలి, కాస్త ముద్దు. ఇన్నేళ్ల తర్వాత వాణ్ణి నేనైనా క్షమించకపోతే ఎలా?